హుంబా ఒకసారి పుల్లగా, ఒకసారి మాడి వస్తోంది: ఎక్కడ తప్పుతోంది?

డాక్టరు గారూ, మీరడిగింది క్లుప్తంగా ఇదీ. ఫిలిప్పీన్స్‌లోని దావావోలో మెడిసిన్ చదివొచ్చారు, కాలేజీ దగ్గర కరిందేర్యాలో (చిన్న భోజన హోటల్) తిన్న హుంబా, అంటే వెనిగర్, సోయా సాస్, తీపి వేసి నిదానంగా ఉడికించిన పంది మాంసం, దాని రుచి ఇంకా నోట్లోంచి పోవట్లేదు, విజయవాడలో ఇంట్లో రెండుసార్లు చేశారు. మొదటిసారి వెనిగర్ ఘాటుగా ముక్కుకి కొట్టింది, ముక్క రబ్బరులా సాగింది. రెండోసారి పంచదార ఎక్కువేసి చేస్తే అడుగంటి చేదొచ్చింది. మన బెల్లం, మన వెనిగర్‌తో ఆ రుచి వస్తుందా, కుక్కర్ వాడొచ్చా, అసలు అక్కడి ఇంకో వంట అడోబోకి దీనికి తేడా ఏంటి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తా. వస్తుంది. బెల్లంతో చక్కగా వస్తుంది, నన్నడిగితే పంచదార కన్నా బెల్లంతోనే బాగా వస్తుంది. మీ రెండు తప్పులూ నిజానికి ఒకే తప్పు, వరస తప్పింది. పులుపు ముందు ఉడకాలి, తీపి చివర్లో రావాలి. వెనిగర్ మూత లేకుండా మరిగి ఘాటు పోయాకే నీళ్ళు పోయాలి, బెల్లం ముక్క మెత్తబడ్డాకే వెయ్యాలి. ఇంకోటి, ముక్క రబ్బరులా వచ్చిందంటే ఒకటి కొవ్వు లేని కండ తెచ్చుంటారు, లేదా పెద్ద మంట మీద నలభై నిమిషాల్లో దించేసుంటారు, చాలామంది రెండూ చేస్తారు. కుక్కర్ వాడొచ్చు కానీ మొదలూ చివరా మాత్రం మూత లేకుండానే జరగాలి. మిగతాదంతా దీని వివరమే.

నేనెవరో ఒక ముక్క చెప్తా, ఎందుకంటే ఈ వంట నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు. మాది భీమిలి దగ్గర, షిప్పుల్లో వడ్డన పని చేసే మెస్‌మన్‌గా ఎక్కి తర్వాత సెకండ్ కుక్, ఆ తర్వాత చీఫ్ కుక్‌గా మొత్తం పద్నాలుగేళ్ళు చేశా. ఏ సరుకు షిప్పు (బల్క్ క్యారియర్) ఎక్కినా సగం మంది పైన ఫిలిప్పీన్స్ వాళ్ళే ఉండేవాళ్ళు. నాకు హుంబా నేర్పింది లెయ్తే దీవికి చెందిన ఒక చీఫ్ కుక్, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద, కూయా అనేవాణ్ణి, మనం అన్నా అన్నట్టు. లెయ్తే, సెబు, బొహోల్ ఇవన్నీ ఫిలిప్పీన్స్ మధ్యలో ఉన్న విసాయాస్ దీవులు, హుంబా అక్కడి వంట. మీరున్న దావావో దక్షిణాన మిందనావో దీవిలో ఉన్నా అక్కడ మాట్లాడేది ఎక్కువగా విసాయాస్ వాళ్ళ బిసాయా భాషే కదా, అందుకే అక్కడ ఏ కరిందేర్యాలో మూత ఎత్తినా హుంబా కనిపిస్తుంది.

పేరు సంగతి. అది చైనా నుంచి, ఫుజియాన్ ప్రాంతపు హొక్కియెన్ వాళ్ళతో వచ్చింది, వాళ్ళ భాషలో హొంగ్ బా అనే పంది మాంసపు వంటకం ఉంది, సోయా సాస్‌లో నిదానంగా ఉడికించేది. మీరక్కడ విన్న తోయో (సోయా సాస్), తౌసి (పులియబెట్టిన నల్ల సోయా గింజలు) కూడా హొక్కియెన్ మాటలే. మా బోసన్ (షిప్పులో డెక్ పనివాళ్ళకి పెద్ద) మాత్రం ఒప్పుకునేవాడు కాదు, హుమోక్ అంటే మా భాషలో మెత్తన, బాబోయ్ అంటే పంది, హుమోక్ బాబోయ్‌నే హుంబా అయింది అనేవాడు. భాష పరంగా అది నిజం కాదు కానీ వంట పరంగా అంతకన్నా మంచి నిర్వచనం నేను వినలేదు. వేలితో నొక్కితే తోలు తెగిపోవాలి, అంత మెత్తన.

ఇక అడోబో సంగతి. రెండిట్లోనూ వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు, బే ఆకు ఉంటాయి కాబట్టి మీకు ఆ అనుమానం రావడం సహజం. అడోబో అన్న పేరు స్పెయిన్ వాళ్ళది, పద్ధతి మాత్రం వాళ్ళు రాకముందు నుంచీ ఉన్నది, వెనిగర్, ఉప్పులో వండి నిలవ ఉంచుకోడం. 1613లో అచ్చయిన ఒక తగలోగ్ (ఫిలిప్పీన్స్‌లో ఒక ముఖ్య భాష) నిఘంటువులో స్పెయిన్ ఫాదరీ దాన్ని స్థానికుల అడోబో అని రాసుకున్నాడు. అడోబోలో పులుపు, ఉప్పు ముందుంటాయి. హుంబాలో తీపి ముందుంటుంది, వెనకాల ఉప్పు, అన్నిటికీ అడుగున పులుపు. దానికి తోడు తౌసి, ఎండు అరటి పువ్వు, కొందరిళ్ళల్లో అనాస పువ్వు, వేరుశెనగ కూడా. అడోబో పొడిగా వేపినట్టు చేసుకోవచ్చు, హుంబా పొడిగా ఉండదు, జిగురుగా ముక్కకి అంటుకున్న ఇగురు ఉండాలి.

మాంసం దగ్గరే సగం వంట అయిపోతుంది. పొట్ట భాగం కావాలి, వాళ్ళు లియెంపో అంటారు, తోలు, కొవ్వు, కండ, మళ్ళీ కొవ్వు, కండ, ఇలా పొరలు పొరలుగా ఉండేది. తోలు తియ్యకుండా, వెంట్రుకలు కాల్చి కత్తితో గీసి ఇమ్మని కొట్లో ముందే చెప్పాలి, చెప్పకపోతే చాలాచోట్ల తోలు తీసేసి తొడ కండ కొట్టి ఇస్తారు, అది కూరకి బాగుంటుంది గానీ హుంబాకి పనికిరాదు, రెండు గంటలు ఉడికినా పీచు పీచుగా ఎండిపోతుంది. తోలున్న పొట్ట భాగం దొరక్కపోతే మోకాలి కింద భాగం తెచ్చుకోండి, వాళ్ళు పాటా అంటారు, దాన్లో జిగురెక్కువ. ముక్క రెండంగుళాలకి తగ్గకూడదు. మనం కూరకి కొట్టించుకునే చిన్న ముక్కలైతే కండ కరిగిపోయి తోలు ముక్కలు మాత్రం తేలతాయి. రెండంగుళాల ముక్కలు చూడ్డానికి పెద్దవిగా అనిపిస్తాయి కానీ ఉడికేసరికి బాగా కుదించుకుపోతాయి, భయపడకండి.

రబ్బరు ఎందుకవుతుందంటే, తోలులోనూ కండ మధ్య పొరల్లోనూ ఉన్న కొల్లాజెన్ (గట్టి పీచులాంటి ప్రొటీన్) జిగురుగా మారాలంటే వేడి ఎంత ఎక్కువుందనే దాని కన్నా ఎంతసేపు ఉందనేదే ముఖ్యం. మీరు డాక్టరు, కొల్లాజెన్ గురించి నాకన్నా మీకే బాగా తెలుసు. మన పాయా గంటలు గంటలు సన్న సెగ మీద పెట్టేది కూడా ఇందుకే. గలగలా తెర్లిస్తే కండ బిగుసుకుని నీరంతా వదిలేస్తుంది, తోలు మాత్రం ఇంకా గట్టిగానే ఉంటుంది, అప్పుడు లోపల ఎండినట్టు బయట సాగినట్టు వస్తుంది, సరిగ్గా మీరు రాసినట్టే. అక్కడ ఆపెయ్యకుండా సెగ తగ్గించి ఇంకో గంట వదిలేసుంటే అదే ముక్క మెత్తబడేది. కాబట్టి ఇంకోసారి అలా అయితే పారెయ్యకండి, కాసిని వేడినీళ్ళు పోసి పొయ్యి మీదే ఉంచండి.

ఇప్పుడు కిలో మాంసానికి నేను చేసే పద్ధతి చెప్తా. మందపాటి స్టీలు గిన్నె తీసుకోండి, ఎనామిల్ పూత ఉన్నదైనా పర్లేదు. అల్యూమినియం వద్దు, పూత లేని ఇనప కడాయి వద్దు, వెనిగర్ వాటితో కలిసి లోహపు రుచి తెస్తుంది. నూనె వెయ్యకుండా ముక్కల్ని తోలు కిందికి పెట్టి మధ్యస్థం మంట మీద పేర్చండి, పది పన్నెండు నిమిషాల్లో దాని కొవ్వే కరిగి నూనె వదుల్తుంది, తోలు లేత గోధుమ రంగుకొచ్చాక తిప్పండి. ఫ్రీజర్‌లోది అయితే ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనిచ్చి, గుడ్డతో తడి తుడిచి వెయ్యాలి, లేకపోతే వేగదు, దాని నీళ్ళలో అదే ఉడికి బూడిదరంగు తేలుతుంది. షిప్పులో మాకు మాంసమంతా గడ్డ కట్టిందే, అందుకని కూయా ఈ తుడిచే పని దగ్గర నన్ను అస్సలు వదిలేవాడు కాదు.

ముక్కలు రంగు మారాక పన్నెండు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వెయ్యండి, వాసన రాగానే అర కప్పుకి కాస్త తక్కువగా సోయా సాస్, ఒక చెంచా మిరియాలు (పొడి కాదు, గింజలే, రోట్లో ఒక్క దెబ్బ వేసినవి), ఆ తర్వాత కప్పులో మూడో వంతు వెనిగర్. ఇక్కడ గరిటె పక్కన పెట్టండి, మూత కూడా పక్కన పెట్టండి. వెనిగర్ పోసినాక అది మరిగి ఘాటు పోయేదాకా కలపకూడదని ఫిలిప్పీన్స్‌లో ప్రతి ఇంట్లో అమ్మ చెప్పే మాట, కలిపితే పచ్చి వాసన వంటలో ఉండిపోతుందంటారు. కలపకపోవడం వల్లనేనా అంటే నా అనుభవంలో అసలు తేడా మూత దగ్గరుంది. వెనిగర్‌లో ఉన్న పులుపు ఆవిరితో పాటు కొంత ఎగిరిపోతుంది, మూత పెడితే ఆవిరి మళ్ళీ నీరై అందులోనే పడుతుంది. ఎనిమిది పది నిమిషాలు పడుతుంది. గిన్నె మీదికి వంగి వాసన చూస్తే ముక్కు చురుక్కుమనకూడదు, అంతే గుర్తు. చురుక్కుమంటుంటే ఇంకా ఆగాలి.

మన పులిహోర పులుసు గుర్తుచేసుకోండి డాక్టరు గారూ. చింతపండు రసం పచ్చివాసన పోయి దగ్గర పడే దాకా ఉడికించి, బెల్లం వేసి, నూనె పైకి తేలాక దించుతాం కదా, పులుపు పచ్చిగా ఉండగా దించేస్తే ఎవరం తినలేం. హుంబా వరస కూడా అదే. మీ అమ్మగారు పులిహోర పులుసు ఉడికించేటప్పుడు పక్కన నిలబడి చూసి ఉంటే మీకు దీన్లో సగం వచ్చేసినట్టే.

ఘాటు పోయాక మూడు కప్పుల వేడినీళ్ళు పోసి బే ఆకు, ఒక్క అనాస పువ్వు వేసి, మూత కాస్త ఓరగా పెట్టి, మంట బాగా సన్నం చేసి గంటా పావు వదిలెయ్యండి. మధ్యలో ఒకటి రెండుసార్లు చూసి నీళ్ళు తగ్గితే వేడినీళ్ళే పొయ్యాలి. తర్వాత తౌసి రెండు చెంచాలు నీళ్ళలో ఒకసారి కడిగి (అది చాలా ఉప్పుగా ఉంటుంది), నానబెట్టిన అరటి పువ్వు, సగం బెల్లం వేసి ఇంకో అరగంట. ముక్కలోకి పుల్ల గుచ్చితే తోలు దగ్గర అడ్డు తగలకుండా దిగిపోవాలి, అప్పుడు మూత తీసేసి మిగతా బెల్లం వేసి, మంట కొంచెం పెంచి ఇగరబెట్టండి. ఈ పదిహేను ఇరవై నిమిషాలు పొయ్యి దగ్గర్నుంచి కదలొద్దు. గరిటెతో తిప్పితే మెత్తబడ్డ తోలు ఊడిపోతుంది కాబట్టి గిన్నె చెవులు పట్టుకుని ఊపండి. గ్రేవీ గరిటె వెనక అంటుకుని నిదానంగా జారుతూ, చుట్టూ నూనె తేలితే అయిపోయినట్టు. ఉప్పు ఇప్పుడు చూడండి, నాకైతే ఎప్పుడూ వెయ్యాల్సిన పని రాలేదు.

బెల్లం చివరికెందుకంటే నా మొదటి హుంబా కథ చెప్పాలి. కూయా సెలవు మీద దిగిపోయాడు, ఆదివారం ఇరవై ఒక్క మందికి నేనొక్కణ్ణే వండాలి. ఆరు కిలోల మాంసం, త్వరగా రంగొస్తుందని బ్రౌన్ షుగర్ మొత్తం మొదట్లోనే నీళ్ళతో పాటు వేసేశా. షిప్పు గేలీలో (వంటగదిలో) గ్యాస్ ఉండదు, కరెంటు హాట్ ప్లేట్లు, స్విచ్ తగ్గించినా వేడి వెంటనే తగ్గదు. రెండో గంటలో అడుగంటింది. అంటిందని తెలియగానే గరిటెతో అడుగు గీకా, దాంతో మాడు మొత్తం గిన్నెకి ఎక్కింది. అంతా తిన్నారు, ఎవరూ ఒక్క మాట అనలేదు, కానీ సగం ప్లేట్లలో గ్రేవీ పక్కకి తోసేసి ఉంది, అవి కడుగుతున్నప్పుడు నాకు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి తీపి రెండు దఫాలుగానే వేస్తున్నా. ఒకవేళ మీకు అంటినా సరే, గీకొద్దు, కదపొద్దు, పైపైన ఉన్నది ఇంకో గిన్నెలోకి ఒంపేసి, కొత్త నీళ్ళు పోసి అందులో కొనసాగించండి, ఎనభై శాతం బయటపడతారు.

బెల్లం ఏది అంటారా. విసాయాస్‌లో వాడేది ముస్కోవాడో, నెగ్రోస్ దీవిలో, అంతీకే ప్రాంతంలో చేస్తారు, చెరుకు రసం మరిగించి మడ్డి (మొలాసిస్) తియ్యకుండా చేసిన ముదురు చక్కెర. అంటే మన బెల్లానికి అన్నదమ్ముల బిడ్డ లాంటిదే, అందుకే పంచదార కన్నా ఇది దగ్గరగా వస్తుందన్నా. లేత పసుపు రంగులో మెరిసే బెల్లం వద్దు, రంగు కోసం మందు కొట్టినదైతే ఒకరకమైన ఉప్పదనం వస్తుంది. ముదురు గోధుమ రంగుది తీసుకుని, కిలో మాంసానికి ఎనభై గ్రాములు, బాగా తీపి కావాలంటే వంద. కాసిని వేడినీళ్ళలో కరిగించి వడగట్టి వెయ్యండి, ఇసక పంటికి తగిలితే రెండు గంటల కష్టం పోతుంది. తాటిబెల్లం కూడా ఒకసారి వేసి చూశా, చాలా మంచి వాసన, కానీ అది హుంబా రుచి కాదు, దాని పొగ వాసన తౌసిని కప్పేస్తుంది.

వెనిగర్ విషయంలో మన దగ్గర ఒక అదృష్టం ఉంది, చాలామందికి తెలీదు. విసాయాస్‌లో వాడేది సుకాంగ్ తుబా. తుబా అంటే కొబ్బరి చెట్టు కల్లు, లెయ్తేలో అయితే మడ చెట్టు బెరడు వేసి ఎర్రగా చేస్తారు. ఆ కల్లు పులిసి పులిసి వెనిగర్ అయిపోతుంది. గోవాలో అచ్చం ఇలాగే కొబ్బరి కల్లు వెనిగర్ చేస్తారు, సీసాల్లో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది తెప్పించుకుంటే మీరు ఫిలిప్పీన్స్ నుంచి ఏదీ తెప్పించుకోనక్కర్లేదు. అది లేకపోతే చెరుకు వెనిగర్ గానీ యాపిల్ వెనిగర్ గానీ వాడండి. కిరాణా కొట్లో దొరికే తెల్ల సింథటిక్ వెనిగర్ నూడుల్స్‌లో చల్లుకోడానికి సరే, ఇందులో దాని పులుపు ఒంటరిగా నిలబడిపోతుంది, వెనకాల ఏ రుచీ ఉండదు. మీ మొదటిసారి ఘాటుకి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు. అదొక్కటే గతి అయితే సగం కొలతతో మొదలుపెట్టి చివర్లో రుచి చూసి కొన్ని చుక్కల నిమ్మరసంతో సరిచేసుకోండి.

సోయా సాస్ దగ్గర కూడా చాలామంది దెబ్బ తింటారు. అక్కడి తోయో (మీరు దాతు పుతి, సిల్వర్ స్వాన్ సీసాలు చూసే ఉంటారు) పలచగా, నల్లగా, ఉప్పగా ఉంటుంది. ఇక్కడ డార్క్ సోయా అని అమ్మేది చిక్కగా రంగు కోసం చేసింది, దాన్నే మొత్తం పోస్తే గ్రేవీ నల్లటి తారులా అయి చేదు తగుల్తుంది. మూడొంతులు లైట్ సోయా, ఒక వంతు డార్క్ సోయా కలుపుకోండి.

బే ఆకు కూడా. మన బిర్యానీ ఆకు వేరే చెట్టుది, దాల్చినచెక్క జాతి, వాసన కూడా దాల్చినచెక్క వైపే ఉంటుంది. వాళ్ళ లారెల్ ఆకు చిన్నది, నిలువు గీతలు కాకుండా మధ్య ఈనె నుంచి పక్కలకి గీతలుంటాయి. లారెల్ దొరికితే మూడు, లేదంటే బిర్యానీ ఆకు ఒక్కటి, అంతకు మించొద్దు.

తౌసి దొరక్కపోతే? చైనా సరుకులమ్మే ఆన్‌లైన్ కొట్లలో పులియబెట్టిన ఉప్పు నల్ల సోయా గింజలు అని చూడండి, అదే ఇది. అది లేకుండా చేసినా తినడానికి బాగుంటుంది, కాకపోతే తీపికి ఎదురు నిలిచే ఆ లోతైన ఉప్పు రుచి ఉండదు. దయచేసి రాజ్మా, అలసందలు, నల్ల మినుములు వెయ్యకండి, ఒకాయన వేశానని ఫోటో పంపాడు, పప్పు అయింది. నాగాలాండ్ అఖుని కూడా సోయాతో చేసిందే, పంది మాంసంలో అద్భుతంగా ఉంటుంది, కానీ వాసన చాలా బలమైనది, అది వేస్తే వేరే వంట.

అరటి పువ్వు గురించి ఎవరూ అడగరు, నాకు మాత్రం హుంబాలో ముక్క కన్నా అదే ఇష్టం, ఆ కొవ్వూ తీపీ అంతా పీల్చుకుని నోట్లో సన్నటి పీచులా తగుల్తుంది. అక్కడ ఎండబెట్టి ప్యాకెట్లలో అమ్ముతారు, నీళ్ళలో నానబెట్టి రెండు మూడు కలిపి ముడేసి వేస్తారు. ఇక్కడ పచ్చి పువ్వే దొరుకుతుంది. మనం అరటిపువ్వు కూరకి చేసినట్టే ప్రతి పువ్వులోంచి గట్టి కేసరం, పక్కనున్న పలచటి పొర తీసేసి, మజ్జిగ నీళ్ళలో వేసి, తర్వాత ఉప్పునీళ్ళలో ఐదు నిమిషాలు ఉడికించి పిండెయ్యండి, వగరు పోతుంది. ఓపికుంటే ఒకరోజు ఎండలో పెడితే ఇంకా బాగా పీల్చుకుంటుంది. పచ్చిది అలాగే వేస్తే మాత్రం గ్రేవీ మొత్తం వగరెక్కుతుంది.

అనాస రసం వెయ్యొచ్చా అని మీరడగలేదు కానీ మీరు తిన్న హుంబాలో అది ఉండే ఉండొచ్చు, మిందనావోలో బుకిద్నోన్ వైపు ఎంత పెద్ద అనాస తోటలో మీకు తెలుసు కదా. కొందరు అనాస రసం పోస్తారు, కొందరు నీళ్ళకి బదులు స్ప్రైట్ లాంటి కూల్ డ్రింక్ పోస్తారు, రెండూ అక్కడ మామూలే, తప్పేం లేదు. కూయా మాత్రం అనాస పడితే అది హమొనాదో వైపు వెళ్ళిపోతుంది అనేవాడు. హమొనాదో ఇంకో తీపి పంది వంట, పేరు స్పానిష్ హామోన్ నుంచి వచ్చింది, దానికి అనాసే ప్రాణం. మీరు వేద్దామనుకుంటే డబ్బా రసం ఒక కప్పు, అంతమేరకు నీళ్ళూ బెల్లం తగ్గించండి. పచ్చి అనాస రసంలో ముందు నానబెట్టడం మాత్రం వద్దు, అందులో ఉన్న బ్రొమెలైన్ అనే ఎంజైమ్ మాంసాన్ని పైపైన పేస్టులా చేసేస్తుంది.

కుక్కర్ గురించి. నేనూ వాడతా, పని రోజున రెండు గంటలు ఎవరు నిలబడతారు. వేపడం, వెనిగర్ మరగడం మూత లేకుండా అదే కుక్కర్లో (స్టీలుది) చేసి, నీళ్ళు మూడు కప్పుల బదులు ఒకటిన్నర కప్పే పోసి, మూత పెట్టి మొదటి విజిల్ వచ్చాక సన్న సెగ మీద పదిహేను నిమిషాలు. ఆవిరి తనంతట తాను పోయాక తియ్యాలి, గరిటెతో విజిల్ ఎత్తి వదలొద్దు, ముక్క చిట్లుతుంది. తర్వాత వెడల్పు గిన్నెలోకి మార్చి తౌసి, అరటి పువ్వు, బెల్లం వేసి అరగంట ఇగరబెట్టడం. బెల్లం కుక్కర్లో మాత్రం వెయ్యకండి, మూత కింద అడుగంటితే మీకు తెలిసేసరికి అయిపోతుంది. నిజం చెప్పాలంటే సన్న సెగ మీద చేసినదానికి దీనికి తేడా ఉంది, కొవ్వు పొర అంత వెన్నలా రాదు, కానీ పదిలో ఎనిమిది మార్కులిస్తా.

మన చెయ్యి ఊరికే ఉండదు, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం వైపు పోతుంది, ముఖ్యంగా పంది మాంసం నీచు వాసనొస్తుందేమో అని భయపడి. వద్దు. మా తోడల్లుడు ఒకసారి గరం మసాలా కూడా వేశాడు, అది మంచి పంది కూర అయింది, అన్నం కలుపుకు తిన్నాం, కానీ మీరు వెతుక్కునే రుచి అది కాదు. వాసన భయముంటే ముక్కల్ని చల్లటి నీళ్ళలో వేసి మరిగించి, ఐదు నిమిషాలకి పైకి తేలిన మడ్డితో సహా ఆ నీళ్ళు పారబోసి కడిగి, తుడిచి మొదలుపెట్టండి. కారం కావాలంటే పక్కన గిన్నెలో కాస్త వెనిగర్‌లో పచ్చిమిరపకాయలు నలిపి పెట్టుకోండి, వాళ్ళు సిలింగ్ లబుయో అనే చిన్న మిరపకాయతో అలాగే చేస్తారు.

పక్కకి తెల్లన్నమే, పొడిపొడిగా కాకుండా కొంచెం మెత్తగా. బొప్పాయి కాయ ఊరగాయ ఉంటుంది కదా అత్చారా, పచ్చి బొప్పాయి కోరి ఉప్పు వేసి నీరు పిండేసి వెనిగర్, పంచదార పాకంలో వేసేది, అది తోడుంటే కొవ్వు మొహం మొత్తదు. అక్కడ హుంబాలో వేసే సబా అరటి బదులు మన బొంత అరటి సగం పండింది తీసుకుని నిలువుగా కోసి వేపి, దించే ముందు గ్రేవీలో పెట్టండి. చక్కరకేళి వెయ్యొద్దు, కరిగి గుజ్జయిపోతుంది.

చివరిగా ఒకటి, ఇది వండిన రోజు కన్నా మర్నాడు బాగుంటుంది, ఫిస్తాలప్పుడు (ఊరి పండగలప్పుడు) వాళ్ళు ముందురోజే వండి పెట్టుకునేది కూడా అందుకే. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దునకి పైన తెల్లగా కొవ్వు పేరుకుని కింద గ్రేవీ జెల్లీలా గడ్డ కట్టి ఉంటే మీ కొల్లాజెన్ సరిగ్గా దిగినట్టు. ఆ కొవ్వు సగం చెంచాతో తీసేసి దాచుకోండి, తర్వాత దాంతో వెల్లుల్లి అన్నం వేపుకోవచ్చు. మళ్ళీ వేడి చేసేటప్పుడు రెండు చెంచాల నీళ్ళు చల్లి సన్న సెగ మీదే పెట్టండి.

మూడోసారి చేసినప్పుడు ఇగరబెట్టే ముందు గ్రేవీ ఒక చెంచా రుచి చూసి ఏది ముందు తగిలిందో, పులుపా ఉప్పా తీపా, ఇక్కడే రాయండి. మీరు వాడే సోయా సాస్ బ్రాండ్, వెనిగర్ ఏదో కూడా రాస్తే కొలతలు దానికి తగ్గట్టు మార్చి చెప్తాను.